పేజీలో మాయమైన మెకానిక్

సోమవారం ఉదయం పదీ పదిహేనుకి ఫ్యాన్ల మెకానిక్ మాయమయ్యాడు.

మనిషి కాదు. రిపేరు షాపుల సంఘం వెబ్‌పేజీలో అతని ఫొటో, ఫోన్ నంబరు ఉన్న బాక్స్. ఆ తర్వాత తొమ్మిది రోజుల్లో అతనికి ఒక్క కాల్ రాలేదు.

"ఇంకో వారం ఇలాగే ఉంటే షట్టర్ దించేయడమే మేడం. ఎవరో నా నోటికాడి కూడు లాగేశారు!"

సైబర్ సెల్ ఎస్సై కంప్లైంట్ రాసుకుంది. సాయంత్రం నాలుగింటికి సంఘం ఆఫీసులో ముగ్గురిని కూర్చోబెట్టింది. మెకానిక్. కంప్యూటర్ కోడ్ రాయడం, అంటే స్క్రిప్టింగ్, నేర్చుకుంటూ పేజీ చూసుకునే అమ్మాయి. నెల క్రితం పోయిన వాచీల మెకానిక్ భార్య.

"పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంది?"

"నా దగ్గరే మేడం" అంది అమ్మాయి.

"సోమవారం ఏం మార్చావ్?"

"ఒక్క లైను. వాచీల బాబాయి బాక్స్ తీసెయ్యమని పిన్ని అడిగారు. దాన్ని దాచమని స్క్రిప్ట్ రాశా."

"దాగిందా?"

"పన్నెండు బాక్సులు పదకొండయ్యాయి. సరిపోయిందనుకున్నా."

"లెక్క చూశావు. మొహాలు చూడలేదు."

ఎస్సై లాప్‌టాప్ తిప్పింది. వాచీల మెకానిక్ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

ఫ్యాన్ల మెకానిక్ దిగ్గున లేచాడు. "పోయినాయన ఉండి, ఉన్న నేను పోయానా?"

"ఈ వాచీల బాక్స్ ఎలా తయారుచేశావమ్మా?"

"ఫ్యాన్ల బాబాయిది కాపీ చేసి, పేరు, ఫొటో, నంబరు మార్చా."

"ఐడీ?"

అమ్మాయి నాలుక కరుచుకుంది.

"ఐడీ అంటే బాక్స్‌కి ఇచ్చిన టోకెన్ లాంటిది" అంది ఎస్సై మెకానిక్‌తో. "స్క్రిప్ట్ దాన్నిబట్టే పిలుస్తుంది. ఇద్దరికీ ఒకే టోకెన్ ఇస్తే పేజీలో ముందున్నవాళ్లే పలుకుతారు. ముందున్నది మీరు. ఇందులో కుట్రేం లేదు."

ఆమె వాచీలాయన భార్య, ఆ పెద్దావిడ వైపు తిరిగింది.

"తీసెయ్యమన్న బాక్స్ తీయలేదు. తొమ్మిది రోజులైనా మీరు అడగలేదేం? ఆయన ఫోను మీ దగ్గరేగా?"

"ఊఁ."

"ఎన్ని కాల్స్ వచ్చాయి?"

"ముప్ఫై నాలుగు."

"ఏం చెప్పారు?"

"రేపు రమ్మన్నా. ఇద్దరొచ్చారు. షాపు మూసుందని కాసేపు నిలబడి వెళ్లిపోయారు. నేను ఎదురు ఫుట్‌పాత్ మీంచి చూశా." ఆవిడ చీర కొంగు సర్దుకుంది. "ఆయన ఉన్నారా అని అడుగుతారమ్మా. ఇంట్లో ఆ మాట అడిగేవాళ్లు ఎవరూ లేరు."

అమ్మాయి ఫ్యాన్ల బాక్స్‌కి వేరే ఐడీ ఇచ్చింది. రిఫ్రెష్ చేసింది. నాలుగూ ముప్ఫై రెండు. ఫ్యాన్ల మెకానిక్ తిరిగొచ్చాడు, వాచీలాయన పోయాడు.

పెద్దావిడ గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

"నామీద కేసు పెడతారా అమ్మా?"

"లేదండీ. మీరు వెళ్లొచ్చు."

"పెడితే స్టేషన్‌కి రమ్మని ఫోన్ చేస్తారుగా" అంది ఆవిడ.