రత్తయ్య డాబా మీద సిగ్నల్

నాగాయలంక శివార్లలో మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ ఒకటుంది. చీకటి పడ్డాక ఆ పక్కగా ఎవరూ నడవరు. తప్పనిసరై నడిచినా నోరు మెదపరు. ఎందుకంటే లోపల్నుంచి ఓ గొంతు మెల్లగా అడుగుతుందట — "ఎన్ని దిమ్మలు కావాలి...?"

ఆ గొంతు రత్తయ్యది. ఒకప్పుడు అక్కడ ఐసు పోసేవాడు. వేట నుంచి పడవలు ఏ వేళకొచ్చినా, చేప చెడకుండా ఐసు దిమ్మలు అందించేవాడు. ఓ తెల్లవారుజామున ఆ చల్లగదిలోనే గుండె ఆగి పోయాడు. తర్వాత ఫ్యాక్టరీ మూతపడింది గానీ, రత్తయ్య డ్యూటీ దిగలేదని ఊరి నమ్మకం. ఆ దారిలో సైకిలు చైను తెగినా రత్తయ్యే, మోపెడ్ ఆగినా రత్తయ్యే. తాగి ఆలస్యంగా ఇల్లు చేరిన మగాళ్లు కూడా పెళ్లాల దగ్గర రత్తయ్య పేరే చెప్పి బతికిపోయేవారు.

2008లో ఆ పాపానికి ఇంటర్నెట్ కూడా తోడైంది.

గుడివాడ కుర్రాడు జయకృష్ణ డిప్లొమా చదివి, నాగాయలంక సెంటర్లో చిన్న గది తీసుకుని, వైర్లు లేని ఇంటర్నెట్ ఇస్తానని బోర్డు పెట్టాడు. మొదటి కస్టమర్ మధుసూదనరావు గారు. ఆయన ఉండేది చల్లపల్లిలో, రొయ్యల చెరువులు ఐసు ఫ్యాక్టరీ అవతల. రాత్రిపూట చెరువుల్లో నీళ్లకి గాలి అందించే చక్రాలు ఆగిపోతే తెల్లారేసరికి రొయ్యలు చచ్చి తేలతాయి. ఆ చక్రాలు తిరుగుతున్నాయో లేదో ఇంట్లో మంచమ్మీద నుంచే కెమెరాలో చూసుకోవాలని ఆయన ముచ్చట. ఈ ఒక్కటీ కుదిరితే చుట్టుపక్కల చెరువులవాళ్లంతా జయకృష్ణ దగ్గరికే వస్తారు. కుదరకపోతే బోర్డు పీకేసి, గుడివాడలో బావగారి ఎరువుల కొట్లో కూర్చోవాలి. బావ అప్పటికే స్టూలు తుడిచి పెట్టాడు.

జయకృష్ణ మ్యాపు మీద పెన్సిలుతో గీతలు గీశాడు. తన గదికీ చెరువులకీ మధ్య ఎత్తయిన కట్టడం ఐసు ఫ్యాక్టరీ ఒక్కటే. మ్యాపుల్లో దెయ్యాల్ని చూపించరు కదా. దాని డాబా మీద బ్యాటరీతో నడిచే సిగ్నల్ పెట్టె పెట్టి, యాంటెన్నా బిగించి, మెట్ల గేటుకి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. పెట్టె మీద పచ్చ లైట్లన్నీ వెలిగాయి. చెరువుల దగ్గర కెమెరాలో రొయ్య మీసం కూడా కనబడేంత సిగ్నల్.

మర్నాడు పూజ. దిష్టి గుమ్మడికాయ లేకుండా కొత్త పని ఎవరు మొదలెడతారు? మధుసూదనరావు గారు బూడిద గుమ్మడికాయకి కళ్లూ కోరలూ దిద్దించి పంపారు. అందరి చూపూ దాని మీదే పడేలా, యాంటెన్నాకి సరిగ్గా ఎదురుగా, జయకృష్ణ తన చేత్తోనే వేలాడదీశాడు.

ఆ సాయంత్రం నుంచే కెమెరాలో బొమ్మ ఆగి ఆగి రావడం మొదలెట్టింది.

ఎవరిదో నెట్ అడ్డొస్తోందనుకుని జయకృష్ణ ఛానెల్ మార్చాడు. ఒకటి నుంచి ఆరుకి, ఆరు నుంచి పదకొండుకి. లాభం లేదు. దొంగలు వాడుకుంటున్నారనుకుని మూరెడు పొడుగు పాస్‌వర్డు పెట్టాడు. మధుసూదనరావు గారు దాన్ని చెరువు దగ్గరికొచ్చిన ప్రతివాడికీ టీతోపాటు ఇచ్చేవారు. "మనవాళ్లేనయ్యా," అనేవారు.

చివరికి ఆయనే రోగం కనిపెట్టారు. "దిష్టి గట్టిగా తగిలింది. ఆ కాయ చాలదు. ఇంకా పెద్దది కట్టు."

కట్టాడు. సిగ్నల్ పూర్తిగా పోయింది.

రత్తయ్య నెట్ మింగేశాడని ఊరంతా గుప్పుమంది. మధుసూదనరావు గారు ఫోన్ చేశారు. "ఈ రాత్రికి కనబడకపోతే నీ పెట్టె నువ్వు పట్టుకెళ్లు బాబూ."

జయకృష్ణ బయల్దేరాడు. ఫ్యాక్టరీ ఎదురుగా టిఫిను బండి కట్టేస్తున్న నాగమల్లేశ్వరి అతన్ని చూసి గొంతు తగ్గించింది. "పైకెళ్లకు బాబూ. వెళ్లినా... అడిగితే మాత్రం జవాబు చెప్పకు."

ఆకాశం మబ్బేసి ఉంది. తుప్పు మెట్లు ఒక్కోటీ మూలుగుతున్నాయి. జయకృష్ణకి భయంగా ఉంది, కానీ ఎరువుల కొట్టు వాసన గుర్తొస్తే అంతకంటే భయంగా ఉంది. డాబా ఎక్కి టార్చి వేశాడు... మిణుకు మిణుకుమని ఆరిపోయింది.

ఉరుము. మెరుపు.

ఎదురుగా గాల్లో — తెల్లటి తల. నల్లటి కళ్లు. కోరలు. ఊగుతూ మీదికొస్తోంది...

చేతిలో ఉన్న స్పానరుతో కళ్లు మూసుకుని కొట్టాడు. తల పగిలింది. చల్లగా, తడిగా ఏదో మొహమంతా చిమ్మింది. చచ్చాననుకుని అక్కడే కూలబడ్డాడు. కళ్లు తెరిచేసరికి పెట్టె మీద పచ్చ లైట్లన్నీ వెలుగుతున్నాయి. ఒళ్లో గుమ్మడి గింజలు.

అప్పుడు గుర్తొచ్చింది, కాలేజీలో లెక్చరరు చెప్పిన మాట. నీళ్లు సిగ్నల్‌ని తాగేస్తాయి. అదే నీళ్లు గడ్డకడితే తాగవు, దాటనిస్తాయి. గుమ్మడికాయంటే నీళ్లకుండే కదా! తన నెట్‌కి తనే అడ్డు కట్టాడు. నవ్వాగలేదు.

ఫోన్ మోగింది. "కనబడుతోందయ్యా! చక్రాలు తిరుగుతున్నాయి," అన్నారు మధుసూదనరావు గారు.

"గుమ్మడికాయ పగిలిందండీ. అందులో నీళ్లు..."

"చూశావా, దిష్టంతా దాంతోనే పోయింది. రేపు కొత్తది కట్టెయ్."

"కడతానండీ," అన్నాడు. ఈసారి వెనకవైపు కడదామనుకున్నాడు.

మర్నాడు మసక చీకట్లో కాయ చంకనెట్టుకుని వచ్చాడు. గేటు తాళం వేసినట్టే ఉంది. తీసి పైకెక్కాడు.

యాంటెన్నాకి ఎదురుగా, పాత చోటే, ఓ గుమ్మడికాయ వేలాడుతోంది. కళ్లూ కోరలూ దిద్ది మరీ.

ఎవరు కట్టారు? తాళంచెవి తన జేబులోనే ఉంది. పోనీ, కాయ అడ్డుగా ఉంటే సిగ్నల్ పోవాలి కదా... పచ్చ లైట్లన్నీ నిక్షేపంలా వెలుగుతున్నాయి.

చెయ్యి చాపి ముట్టుకున్నాడు. వేళ్లు చురుక్కుమన్నాయి. కాయ రాయిలా ఉంది. పైన తెల్లటి మంచుపొర పేరుకుంది. లోపలిదాకా గడ్డకట్టి ఉంది.

కరెంటు తీసేసి ఏళ్లు గడిచిన ఆ ఫ్యాక్టరీ లోపల్నుంచి, మెట్ల కింద నుంచి, ఓ గొంతు మెల్లగా అడిగింది — "ఇది సరిపోతుందా బాబూ... ఇంకో దిమ్మ వెయ్యమంటావా?"

నాగమల్లేశ్వరి మాట గుర్తుంది. కానీ మొదటిసారి తన నెట్‌కి ఒకరు సాయం చేశారు. ఆ మర్యాద జయకృష్ణ నోరు దాటేసింది.

"చాలండీ," అన్నాడు. "సిగ్నల్ బ్రహ్మాండంగా వస్తోంది."