ధడా గది

చేపల లేబొరేటరీలో చివరి గదికి మంచి పేరు లేదు. అక్కడ పనిచేసిన పాత కెమిస్టు కుర్చీలోనే కన్నుమూశాడట. ఆయన పోయినా లెక్క ఆగలేదట... పొద్దుగూకాక ఆ గదిలోకి వెళ్లాలంటే ప్రతివాళ్లకీ ఏదో ఒక పని అడ్డొచ్చేది.

మా మేనత్తకి మాత్రం రాలేదు. "నాతో వేగలేక దెయ్యమే పారిపోతుంది" అనేది. అందులో అబద్ధం లేదు. ఇదంతా ఆవిడ చెప్పగా విన్నదే.

ఆ ఏడాది ఒడ్డునున్న అణు విద్యుత్ ప్లాంటులో నీళ్లు లీకై సముద్రంలో కలిశాయి. పడవలన్నీ కట్టేశారు, మా నాన్నదీ. వారం పాటు చేపల్లో రేడియేషన్ హద్దు దాటకపోతేనే మళ్లీ వేటకి వదులుతారు. కొలిచేది అత్తయ్యే. తమ్ముడంటే ఆవిడకి ప్రాణం. అయినా కొలత కొలతే.

ఆ కొలత కొట్టువాడి తూకం లాంటిది. నూనె పోసేముందు ఖాళీ గిన్నె బరువు లెక్కలోకి రాకుండా ధడా కడతాడు చూడండి, అలాగ. సాయంత్రం ఖాళీ డబ్బా మిషన్‌లో పెట్టి, గోడల్లోంచీ గాలిలోంచీ ఎంత వస్తోందో చూస్తారు. పొద్దున అదే డబ్బాని చేప ముక్కలతో నింపి పెడతారు. ఇందులోంచి అది తీసేస్తే మిగిలేది చేపలది. అందుకే దాన్ని ధడా గది అనేవాళ్లు.

మొదటి సాయంత్రం అత్తయ్య ఖాళీ డబ్బా పెట్టింది.

టిక్... టిక్... టిక్‌టిక్‌టిక్—

ఖాళీ డబ్బా అంత గోల చెయ్యకూడదు. తీసి కడిగింది. తుడిచింది. మళ్లీ పెట్టింది... మళ్లీ అదే గోల. మిషన్ చెప్పింది రాయడమే తన పని అనుకుని రాసేసింది.

పొద్దున చేపలు శుభ్రంగా తేలాయి. మర్నాడూ అంతే. రోజూ సాయంత్రం డబ్బా గోల, రోజూ పొద్దున చేపలు శుభ్రం. రేవంతా సంబరం. మా నాన్న పడవకి రంగు కూడా వేయించాడు.

ఆఖరి సాయంత్రం గోల మొదలైంది. కిటికీ అవతల ఎవరో ఊపిరి పీల్చారు.

"అక్కా..."

పాత కెమిస్టు తనని అక్కా అని పిలవడు కదా, అనుకుంది అత్తయ్య. ఆయన "అమ్మాయ్" అనేవాడు.

"అక్కా... ఇవాళ ఎంతొచ్చింది?"

దెయ్యాలకి రిపోర్టులతో పనేముంది? కిటికీ తెరిచింది. గోడకి చేరగిలబడి మా నాన్న!

"ఒరేయ్! నువ్వేంట్రా ఇక్కడ?"

"గొంతులో గడ్డకని ఆసుపత్రిలో రేడియేషన్ మందు మింగించారు కదక్కా. ఒంట్లోంచి అది బయటికొస్తుందని కొన్నాళ్లు పిల్లలకి దూరంగా ఉండమన్నారు. ఇంట్లో ఉండలేక... రోజూ సాయంత్రం ఇక్కడే నిలబడుతున్నా. చెబితే తిడతావని."

అత్తయ్య మిషన్ చుట్టూ చూసింది. కిటికీ వైపు నుంచి రేడియేషన్ రాకుండా అడ్డుండాల్సిన సీసపు ఇటుకలు రెండు లేవు. వరండా తలుపు కొట్టుకోకుండా ఎవరో వాటిని అక్కడ పెట్టుకున్నారు.

పగలబడి నవ్వింది. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

"నువ్వు గేటు బయటికి పో. నేను పిలిచేదాకా రాకు."

ఖాళీ డబ్బా మళ్లీ పెట్టింది.

టిక్...

...

టిక్.

అదీ అసలు ధడా. దాన్ని తీసేసి చేపల లెక్కలు మళ్లీ కట్టింది. అన్నీ హద్దు దాటాయి. వారమంతా ఆవిడ చేపల్లోంచి మా నాన్నని తీసేస్తూ వచ్చింది.

రిపోర్టు పొద్దున్నే వెళ్లాలి. తమ్ముణ్ణి కిటికీ దగ్గరికి పిలిచి ఉన్నదున్నట్టు చెప్పేసింది. నాన్న చేతికంటిన పడవ రంగు గోటితో గీక్కుంటూ ఉండిపోయాడట.

తర్వాత అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"పోనీ... ఈ ఒక్క పూటా ఇక్కడే నిలబడనా అక్కా?"

ఆ గదిలో అత్తయ్యకి దడ పుట్టింది అప్పుడే.