అరగంటకోసారి లేచే అమ్మాయి

“మీ కుర్చీలో ముళ్లేమైనా ఉన్నాయా అండీ?”

మా ప్రెస్‌లో కొత్తగా చేరిన ప్రూఫ్‌రీడర్‌తో నేను మాట్లాడిన మొదటి మాట అదే. ఠంచనుగా అరగంటకోసారి లేచేది. కిటికీ దగ్గర నిలబడి కాసేపు బయటికి దూరంగా చూసేది. వచ్చి కాసేపు ప్రూఫులు దిద్దేది, కాసేపు కాగితాలు సర్దేది.

“లేదండీ. మీరే మీ కుర్చీకి అతుక్కుపోయినట్టున్నారు, చూసుకోండి,” అంది నవ్వుతూ.

నన్నెవరనుకుంది? ఆఫీసంతా నన్ను ‘ఎక్స్‌ప్రెస్’ అంటారు. టైపింగ్‌కి కూర్చుంటే భోజనానికి తప్ప లేవను. ఒళ్లు మండి, ఆమె సీట్లో కుదురుగా కూర్చుని పని చేయదని మేనేజర్‌కి చెప్పేశాను.

“ఆ అమ్మాయి చూసిన పేజీలో ఒక్క తప్పు చూపించు. నీకేమో మధ్యాహ్నం దాటాక పేజీకి ఐదు. అవన్నీ దిద్దుతున్నది ఆమేగా!” అన్నాడాయన.



ఆ వారమే నా కుడి మణికట్టు మొరాయించింది. చేతిరాతలో వచ్చిన నవల శుక్రవారానికల్లా టైప్ చేసివ్వాలి. లేకపోతే నాకు రావలసిన పర్మనెంట్ ఉద్యోగం గోవిందా. నేను ఎడమచేత్తో టీ తాగడం ఆమె చూసింది.

“ఎన్నాళ్లుగా నొప్పి?”

“నొప్పా? ఎవరికి?”

“అబద్ధం ఆడటం కూడా రాదు మీకు. ముందు డాక్టర్‌కి చూపించండి. తగ్గేదాకా ఆ నవల మీరు చదవండి, నేను టైప్ చేస్తా. అరగంటకి ఇద్దరం లేద్దాం. ఆ తర్వాత నేను చదువుతా, మీరు సరిచూడండి.”

“మీ మీద మేనేజర్‌కి చాడీలు చెప్పాను,” అనేశాను.

“తెలుసు. శిక్షగా రోజూ టీ మీరే తేవాలి.”

తల కొట్టేసినట్టయింది. అంతకన్నా ఎక్కువ ముచ్చటేసింది. ఆమె వేళ్లలో తొందర లేదు, మాటలో విసుగు లేదు. ఇన్నేళ్లూ నేను పని చేశాననుకున్నాను కానీ, పని చేయడమెలాగో ఆమెను చూశాకే తెలిసింది. అరగంట ఎప్పుడవుతుందా అని గడియారం చూడటం మొదలుపెట్టాను.

గురువారం సాయంత్రానికి చివరి పేజీకొచ్చాం. ఆఖరి వాక్యం చదివి, ఆగకుండా అదే గొంతుతో చదివాను: “మీరంటే నాకు చాలా ఇష్టం. నన్ను పెళ్లి చేసుకుంటారా?”

టకటకా కొట్టేసి ఆగిపోయింది.

“ఇది రచయిత రాసింది కాదు.”

“కాదు.”

ఆ రెండు వాక్యాలూ చెరిపేసింది.

ఆమె కుర్చీ నా వైపు తిప్పుకుంది. చెంపలు ఎర్రబడి ఉన్నాయి.

“ఇలాంటివి ఇంకొకరి పుస్తకంలో దూరుస్తారా ఎవరైనా? ఆదివారం మా ఇంటికొచ్చి అమ్మానాన్నల ముందు చెప్పండి. ఒక్క అక్షరం కూడా కొట్టేయను.”