మణికట్టు మీది ఆకుపచ్చ దీపం

ఆ వేసవిలో కాకినాడ ఆడవాళ్లు మణికట్టు దాకా చేతులున్న జాకెట్లు కుట్టించుకోవడం మొదలుపెట్టారు, ఉక్కపోతతో ప్రాణం పోతున్నా సరే. ఇదంతా డాక్టర్ వకుళ కనిపెట్టిన మణికట్టు పట్టీ పుణ్యం.

పట్టీ చేసే పని చిన్నదే. కడుపులో బిడ్డకు వెన్ను మూసుకునేది మొదటి నెలలోనే, చాలామంది తల్లులకు ఇంకా సంగతే తెలియకముందు. అది సరిగ్గా మూసుకోకపోతే స్పైనా బైఫిడా అంటారు. ఒంట్లో ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ ముందే నిండుగా ఉంటే ఆ ముప్పు చాలావరకు తగ్గుతుంది. పట్టీ చర్మం మీంచే రక్తాన్ని చదివి, ఫోలిక్ యాసిడ్ సరిపడా ఉంటే ఆకుపచ్చ దీపం వెలిగిస్తుంది. గర్భం నిలవగానే దీపం దానంతటదే ఆరిపోతుంది. మూడో నెల దాకా ఎవరికీ చెప్పరు కదా, అందుకని గుట్టుగా ఉంటుందని వకుళ ఆ ఏర్పాటు చేసింది. పాపం, ఆవిడకు ల్యాబ్ తెలిసినంతగా వీధి తెలియదు. వెలిగితే బిడ్డ కోసం ప్రయత్నిస్తున్నారని, ఆరితే నిలిచిందని జనం ఇట్టే పట్టేశారు.

పొట్టిచేతుల జాకెట్టు మానంది నీలవేణి ఒక్కతే. ఆమె పుట్టిందే స్పైనా బైఫిడాతో. కాళ్లకు ఊతమిచ్చే క్యాలిపర్లు, చంకలో కర్ర. పెళ్లై ఏళ్లు గడిచాయి. కొత్తకోడళ్లను నెలనెలా "విశేషమా?" అని పీక్కుతినే వీధి ఆమెను ఒక్కసారైనా అడగలేదు. అడక్కపోవడమే మర్యాద అనుకున్నారు. ఆ మర్యాద ఆమెకు ముల్లులా గుచ్చుకునేది.

"నా బిడ్డకూ ఇలాగే వస్తుందా డాక్టర్ గారూ?" అని వకుళను అడిగింది.

"మిగతావాళ్ల కంటే ముప్పు ఎక్కువే. అయినా నీలాంటి తల్లుల పిల్లల్లో ఎక్కువమందికి రాదు. ఫోలిక్ యాసిడ్ పెద్ద డోసులో వాడదాం. మాట మాత్రం ఇవ్వలేను."

"వస్తే క్యాలిపర్లు కట్టుకోవడం నేనే నేర్పుతాను. నాకు బిడ్డ కావాలండి."

వకుళ ఆమె మణికట్టుకు పట్టీ కట్టింది.

దీపం వెలిగిన సాయంత్రం నీలవేణి గేటు దగ్గర కుర్చీ వేసుకుని, చెయ్యి కనబడేలా కూర్చుంది. ఎదురింటి మాణిక్యాంబ వచ్చి, కాస్త తడబడి, "ఏమ్మా, మీరూ పిల్లల కోసం అనుకుంటున్నారా?" అంది. నీలవేణికి ఏడుపొచ్చినంత పనైంది. ఆ రోజు నుంచీ మాణిక్యాంబ వచ్చి దీపం చూసి, "ఇంకా ఏం లేదా?" అని అడిగి వెళ్లేది. మిగతా కోడళ్లు ఆవిడ వస్తోందంటే తలుపేసుకునేవారు. నీలవేణి ఆవిడ కోసం ఎదురుచూసేది.

ఒక ఉదయం దీపం ఆరిపోయింది. వకుళ పరీక్ష చేసి, "నిలిచింది. కొన్నాళ్లు ఎవరికీ చెప్పకు," అంది.

నీలవేణి ఆటో దిగుతుండగా మాణిక్యాంబ చూసింది. కిందటి నెల పక్కింటి కోడలి దీపం ఆరితే మిఠాయి పట్టుకుని పరిగెత్తిన మనిషే. ఇప్పుడు మాత్రం ఆ పట్టీ వంక చూసి, నిట్టూర్చి, నీలవేణి తల నిమిరింది.

"ప్రయత్నం మానుకున్నారా తల్లీ? పోనీలే, నీకెందుకా యాతన. ఇకమీద నిన్నేమీ అడగను. బాధపడకు."

మాణిక్యాంబ వెనక్కి తిరిగింది. నీలవేణి ఆవిడ కొంగు గట్టిగా పట్టుకుంది.

"అడగండి పిన్నిగారూ," అంది. "ఒక్కసారి అడగండి."