ముఖం దాకా రాని నవ్వు

చాయ్ గ్లాసు మొగుడి ముందు పెట్టి, పెరట్లోకి పోయింది జంగమ్మ. కేతేపల్లిలోని ఆ ఇంట్లో మాటలు కరువై ఏడాది దాటింది. ఒకప్పుడు మొగుడు బీరన్న నవ్వితే పక్కింటికి వినిపించేది. ఇప్పుడు ఏం చెప్పినా కొయ్యబొమ్మలా చూస్తాడు. అడిగి అడిగి విసిగి, ఆమె కూడా అడగడం మానేసింది. చెప్పుకోవాల్సినవి బర్రెతో చెప్పుకుంటుంది.

ఆ పొద్దున కూతురు బిక్షమ్మ అత్తగారింటి నుంచి పసిపాపతో వచ్చింది. ఆశగా పిల్లను తండ్రి ఒళ్లో పెట్టింది. బీరన్న చేతులు లేవలేదు. ముఖం కదలలేదు.

“ఆడపిల్ల పుట్టిందనా బాపూ, గట్ల చూస్తున్నవ్?”

జంగమ్మ ఇన్నాళ్లు దిగమింగినదంతా పైకొచ్చింది.

“నన్నైతే ఎప్పుడో ఇడిసిపెట్టినవ్. బిడ్డేం చేసింది నీకు? మేం ఉన్నమా సచ్చినమా, నీకు ఫికర్ లేదా?”

బీరన్న కళ్ల నుంచి నీళ్లు కారాయి. పెదవి వణకలేదు, నుదురు ముడుచుకోలేదు. నీళ్లు మాత్రం ఆగలేదు.

బిక్షమ్మ గబుక్కున పిల్లను తీసుకుంది. “అమ్మా, జర ఆగు. బాపుకు ఏదో అయింది. చెయ్యి చూడు, ఎట్ల వణుకుతాందో.”

“వయసు మీద పడ్డదనుకున్న,” అంది జంగమ్మ నీరసంగా.

మర్నాడు నల్లగొండ దవాఖానకు తీసుకుపోయారు. డాక్టరు బీరన్నను నడిపించి, వేళ్లు ఆడించమని చెప్పి చూసి, జంగమ్మను కూర్చోమన్నాడు.

“మెదడుల నరాల కణాలు ఒకదానికొకటి అంటుకొని ఉండయమ్మా. నడుమ సన్న సందు ఉంటది. ఒక కణం రసాయనం వదిలితేనే అవతలి కణానికి కబురు అందుతది. ఒళ్లు సాఫీగ కదలాలంటే కావాల్సిన రసాయనం ఈయనకు తగ్గింది. దాన్ని తయారుచేసే కణాలే చచ్చిపోతున్నయి. నవ్వాలని మనసుకు ఉంటది, ముఖం కదలదు.”

“మరి గిన్నొద్దులు లోపల్లోపల నవ్విండా సారూ?”

“నవ్వాలనుకునే ఉంటడు. మాత్రలు రాస్త. కొంత నయమైతది, మొత్తం పోదు.”

తిరుగు బస్సులో జంగమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. అలిగాడనుకుంది. తానంటే విసుగనుకుంది. పక్కనే ఉన్న మనిషిని ఒంటరిగా వదిలేసింది.

బస్సు నకిరేకల్ దాటాక, ఆయన చెయ్యి తన ఒళ్లోకి తీసుకుని చెప్పడం మొదలుపెట్టింది. ఎండిన బావి సంగతి, బర్రె ఈనిన సంగతి, చెల్లెలి కొడుకు పెళ్లిలో కూర చాలక నవ్వులపాలైన సంగతి. బీరన్న ముఖం అలాగే ఉంది. ఆమె ఆగింది.

“ఇంక చెప్పు,” అన్నాడతను, వినపడీ వినపడని గొంతుతో.


ఊరొచ్చేదాకా ఆమె చెబుతూనే ఉంది.