ఎవడే ఆ ఈరయ్య?

"మేడం, 'మోర్ ఈరియర్' అంటే తప్పేంది?"

ఊర్మిళకు ఒళ్ళు మండింది. అప్పటికి మూడుసార్లు చెప్పింది.

"మోర్ పెడితే 'ఈరీ' అనాలి. 'ఈరియర్' అంటే మోర్ అక్కర్లేదు. రెండూ కలిపితే చాయ్‌లో రెండుసార్లు చక్కెర వేసినట్టు, మార్కండేయ గారూ!"

"మా కార్ఖానాల గట్లనే తాగుతం మేడం."

ఫోన్‌లో క్లాసంతా పగలబడి నవ్వింది. ఊర్మిళ మాత్రం పెదవి బిగించింది.

అది 2020 మే నెల. సూరత్ మొత్తం తలుపులు వేసుకుని కూర్చుంది. ఊర్మిళ ఎం.ఏ. పూర్తిచేసి స్కూల్లో ఉద్యోగం వెతుక్కునేలోపే స్కూళ్ళు మూతపడ్డాయి. ఊరికే ఉండలేక, లింబాయత్‌లోని తమ ఇంట్లోంచి తెలుగు కుర్రకారుకు ఫోన్‌లోనే ఉచితంగా ఇంగ్లీషు చెబుతోంది. మార్కండేయ ఇచ్ఛాపూర్ దగ్గర పవర్‌లూమ్ కార్ఖానాలో మగ్గాలు బాగుచేసే మెకానిక్. తోటివాళ్ళందరూ ఊళ్ళకు పోతే, సేఠ్ అతన్ని కాపలాకు ఉంచాడు.

"ఈరీ అంటే ఉత్త భయం కాదు," అంది ఊర్మిళ. "పాముని చూస్తే భయం. కారణం కనబడకుండానే, ఇక్కడేదో తేడాగా ఉందని ఒళ్ళు జలదరిస్తే ఈరీ. అంతకంటే ఎక్కువగా అనిపిస్తే ఈరియర్. స్పెల్లింగ్ చివర ఒక్క ఆర్ తగిలిస్తే చాలు. కానీ 'దాన్' పెట్టి, దేనికంటే ఎక్కువో చెప్పాలి. రేపటికి తలా ఒక వాక్యం రాయండి."

మర్నాడు అందరూ దయ్యాల మీదే రాశారు. మార్కండేయ ఒక్కడు వేరేగా రాశాడు. దీపావళి సెలవుల్లో మగ్గాల షెడ్డు ఈరీగా ఉంటుందట, ఇప్పుడు అంతకంటే ఈరియర్‌గా ఉందట. ఎందుకంటే అప్పుడు మగ్గాలు మళ్ళీ ఎప్పుడు మొదలవుతాయో తెలుసు.

ఊర్మిళ ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివింది. వాళ్ళ నాన్న రాజనర్సు ఇరవయ్యారేళ్ళు మగ్గాల మధ్యే గడిపాడు. ఆ చప్పుడు ఆగిపోయాక ఆయనకు సరిగ్గా నిద్ర పట్టడం లేదు. మార్కండేయ వాక్యంలో ఒక కామా తప్పింది. దిద్దబుద్ధి కాలేదు.

"వంట మీరే చేసుకుంటారా?" అని మెసేజ్ పెట్టింది.

"చేస్త. తినుడే కష్టం."

అలా మొదలైంది. ఓ ఆదివారం సాయంత్రం అతను ఇంగ్లీషులో రాశాడు, తన గది ఈ రోజు ఈరియర్‌గా ఉందని.

"దేనికంటే? దాన్ మరిచిపోయారు."

అవతల టైప్ చేయడం మొదలైంది, ఆగింది, మళ్ళీ మొదలైంది.

"నిన్నటికంటే. నిన్న మీ క్లాసుండె."

ఊర్మిళ ఫోన్ బోర్లా పెట్టింది. అద్దంలో చూసుకుంది. మళ్ళీ ఫోన్ తీసింది.

"గ్రామర్ కరెక్ట్," అని పంపింది.

ఇక రోజూ అతనికి ఆ మాట మీదే డౌట్లు. ఫోన్లు. వాటి మధ్య నవ్వులు. పది రోజులు చూసి, వాళ్ళమ్మ భాగీరథి గరిటె పట్టుకునే వచ్చింది.

"ఎవడే ఆ ఈరయ్య?"

"ఏ ఈరయ్యమ్మా?"

"రోజుకు పదిమార్లు అంటున్నవు గద! ఈరయ్య, ఈరయ్య అనుకుంట ఇకిలిస్తున్నవు!"

రాజనర్సు కంగారుగా లేచి కూర్చున్నాడు. "మన గల్లీల కిరానా దుకాణం ఈరయ్యనా? ఆయనకు మనుమలున్నరు గదనే!"

ఊర్మిళ కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది. అది మనిషి పేరు కాదనీ, ఇంగ్లీషు మాటనీ చెప్పి, అర్థం కూడా చెప్పింది.

భాగీరథి అంతా విన్నది. "ఒళ్ళు జలదరించే మాటకు గంత నవ్వెందుకొస్తదే?"

ఊర్మిళ నవ్వు ఆగిపోయింది.

"మాటకు కాదమ్మా," అంది తలొంచుకుని. "అది అడిగేటాయనకు. పేరు మార్కండేయ."

అప్పుడే ఫోన్ మోగింది, అతని మెసేజ్. "అమ్మకు కరోనా అచ్చింది. రైల్ల సీటు దొరికింది. రేపే సిరిసిల్లకు పోతున్న."

రాజనర్సు చేయి చాపి ఫోన్ తీసుకున్నాడు. తనే అతనికి కలిపాడు. "నేను ఊర్మిళ నాయినను. మల్ల సూరత్ వస్తవా?"

"వస్త. మీ బిడ్డె ఒప్పుకుంటే మీ ఇంటికే వస్త."

రాజనర్సు ఫోన్ కూతురికిచ్చేశాడు. "మాట సక్కగనే ఉన్నది. ముందుగాల తల్లిని సూసుకోనియ్యి."

కానీ మార్కండేయకు తల్లిని చూసుకునే వీల్లేకపోయింది. రైలు దిగగానే అతన్ని క్వారంటైన్‌లో పెట్టారు. తల్లి కమలాదేవి ఆస్పత్రిలో ఒంటరిగా ఉంది. ఊర్మిళ అతని దగ్గర నంబరు తీసుకుని రోజూ పొద్దున, సాయంత్రం ఆమెకు ఫోన్ చేసింది. ఏం తిన్నారు, ఆక్సిజన్ ఎంత చూపిస్తోంది, రాత్రి దగ్గు తగ్గిందా అని అడిగింది. ఆమె ఆయాసపడితే మాట్లాడొద్దని చెప్పి, తనే ఏవో కబుర్లు చెప్పింది. పదహారో రోజున కమలాదేవి ఇంటికి చేరింది.

ఆగస్టులో మగ్గాలు మళ్ళీ కదిలాయి. జోరువానలో ఒక ఆటో వచ్చి గుమ్మం ముందు ఆగింది. నిలువునా తడిసిన మార్కండేయ, వెనకే గొడుగు పట్టుకుని అతని తల్లి.

"కొడుకు కోసం రాలె అన్నా," అంది కమలాదేవి, రాజనర్సుకు దూరం నుంచే దండం పెట్టి. "నా మంచం కాడికి ఎవ్వరు రాని దినాలల్ల ఈ పిల్ల నాకు తోడున్నది. నా ఇంటికి పంపుతవా?"

రాజనర్సు కూతురివైపు తిరిగాడు. "ఏం బిడ్డా?"

"సరే నాయినా," అంది ఊర్మిళ, ఒక్క క్షణం కూడా ఆగకుండా.

"నన్ను ఎవ్వరు అడగరా?" అన్నాడు మార్కండేయ గుమ్మంలోంచి.

"నువ్వు ముందుగాల కాళ్ళు కడుక్కో బిడ్డా," అంది భాగీరథి, తువ్వాలు అందిస్తూ. "ఇల్లంత బురద జేస్తున్నవు."