దాచన్న, తోడన్న, నాంచారి డప్పు

తేనెవాక రాజ్యానికి వచ్చిన కష్టం వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఆ దేశాన్నేలే బొజ్జభూపాలుడికి మధుమేహం పట్టి ఒళ్ళంతా తీపెక్కిపోయింది. ఆయన ఏనుగెక్కి ఊరేగితే వెనకాల సైన్యం కన్నా చీమల బారే పొడుగు. నమ్మరా? ఆ చీమల్నే అడగండి! ఒంట్లో తీపి పొంగుతున్నా కండలు మాత్రం కరిగిపోతున్నాయి. "పస్తుంటే అదే తగ్గుతుందిలే" అని రాజు నోరు కట్టుకున్నాడు. తెల్లారి చూస్తే ఇంకా తీపెక్కాడు! ఇక రాజు దక్కడని ఊరంతా బెంగపడింది.

డప్పు ఎర్రన్న కూతురు నాంచారి డప్పు భుజాన తగిలించుకుని ఆ రాజును చూద్దామని కోటకు వెళ్ళింది. ద్వారపాలకుడు అడ్డుపడ్డాడు.

"చావుకీ చాటింపుకీ మోగేదానికి కోటలో ఏం పనే?"

నాంచారికి రోషం పొడుచుకొచ్చింది. "ఈ డప్పుతోనే రాజును బతికిస్తా, చూస్తుండు!" అని పులుల అడవి దాటి, ఏ రోగం గుట్టయినా చెప్పే పిడికెడంత ముని ముందు నిలబడింది.

"రోగం రాజుగారి కాలేయంలో ఉందమ్మా. ఈ నేరేడుపండు తొడిమ తాకు, అందులో పట్టేంత అయిపోతావు. పస్తులోనైనా పండు తింటాడులే!" అని ముని కన్నుగీటాడు.

అలా పండులో దాక్కుని, కోటకెళ్ళే పండ్లబుట్టలో చేరి నాంచారి రాజు కడుపులోకి దిగింది. కాలేయం పెద్ద బెల్లం కొట్టులా ఉంది. తిండి దిగగానే తీపిని మూటగట్టే దాచన్న భూతం ఓ మూల గుర్రు పెడుతున్నాడు. పస్తు వేళ ఆ మూటలు విప్పి తీపిని బయటికి తోడే తోడన్న భూతం మాత్రం మోకాళ్ళలోతు పాకంలో నిలబడి ఇంకా తోడుతున్నాడు. మూటలు చాలక, రాజు కండలు కరిగించి మరీ బెల్లం వండుతున్నాడు!

"ఆపు మామా! బయట తీపి వరదై పారుతోంది!"

"ఆపితే పస్తున్న రాజు పడిపోడూ? భోజనం డప్పు వినపడితేనే నేనాగేది, ఆ దాచన్న లేచేది. అది వినపడి ఎన్నాళ్ళయిందో!"

ఆ డప్పు కొట్టే తాత పక్కనే క్లోమంలో ఉన్నాడు. "కొడుతూనే ఉన్నానే మనవరాలా, పలికి చావదు" అని వాపోయాడు. పాకపు చెమ్మకు తోలు మెత్తబడింది మరి. నాంచారి తన డప్పు కొట్టింది. అదీ తుస్సుమంది.

తోడన్న పగలబడి నవ్వాడు. "డప్పా, నానిన అప్పడమా?"

"కాచకుండా ఏ డప్పు పలుకుతుంది మామా?" అంటూ నాంచారి రెండు డప్పులూ పట్టుకుని జఠరాగ్ని దగ్గరకు పరుగెత్తింది. పస్తుల పుణ్యమా అని అది భగభగ మండుతోంది. జుట్టు కమురుతున్నా వెనక్కి జరగక, తోలు బిగిసేదాకా కాచింది.

ధన్ ధనాధన్! దాచన్న దిగ్గున లేచి, "వడ్డించారా?" అంటూ మూటలు కట్టసాగాడు. తోడన్న చేద వదిలేసి హాయిగా ఆవులించాడు. రాజు బ్రేవుమని త్రేన్చాడు, ఆ త్రేన్పుతో నాంచారి సభ మధ్యలో పడి మళ్ళీ మామూలు మనిషైంది!

"సగం రాజ్యం నీదే తల్లీ!" అన్నాడు ఒంట్లో తీపి దిగిన రాజు, సంగతంతా విని.

"రాజ్యం మీరే ఏలుకోండి దొరా. లోపలి తాతకు మతిమరుపు. పూటపూటా ఇక్కడ నా డప్పు మోగితేనే తన డప్పు కాచుకుంటాడు. ఒక్కపూట మానినా తోడన్న లేస్తాడు."

రాజు ఆమెను తన పక్కనే గద్దె మీద కూర్చోబెట్టుకున్నాడు. చీమలు దిగులుగా పక్క రాజ్యానికి వలసపోయాయి. నాటి నుంచి నాంచారి డప్పు మోగనిదే రాజైనా విస్తరి ముట్టడు. ఆ డప్పు కాచడానికి పూటపూటా ఎండుగడ్డి మోసుకొచ్చేది ఎవరో తెలుసా? ఆ ద్వారపాలకుడే!

"కాగిందా అమ్మగారూ?" అని వినయంగా అడుగుతాడు కూడాను.